మీ బడి ఆశయపత్రం రాసుకోవడం ఇలా

‘విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధే మా ధ్యేయం’ అన్న వాక్యం ఏ బడి గోడ మీద చూసినా కనిపిస్తుంది. మంచి మాటే. కానీ అది చదివిన ఉపాధ్యాయుడికి రేపు మొదటి పీరియడ్‌లో ఏం చేయాలో తెలియదు. నేను పల్నాడులో ఒక ప్రాథమికోన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిని. మా ఆశయపత్రం, అంటే పిల్లలు ఏం చేయగలగాలో, బడి ఎలా నడవాలో అందరం కలిసి రాసుకున్న పత్రం, ఒక్క కాగితంలో ఇమిడిపోయింది. మీరూ అలాంటిది రాసుకోవాలనుకుంటే, మా అనుభవంలో పనికొచ్చిన పద్ధతి ఇది.

ముందు, ఎవరు రాయాలి? 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. 22వ సెక్షన్ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారీని ఆ కమిటీకే అప్పగించింది. ఆ ప్రణాళికలో సాధారణంగా ప్రహరీ, మరుగుదొడ్లు, రంగులు ఉంటాయి, పిల్లల ఊసే ఉండదు. ఆశయపత్రాన్ని దానికి మొదటి పేజీగా పెట్టండి. నిధులు ఎందుకు అడుగుతున్నారో చదివేవాళ్లకు అర్థమవుతుంది.

సమావేశం ఉదయం పదకొండింటికి పెడితే కూలికి వెళ్లే తల్లి రాదు. మిరప కోతల్లో మా ఊరి ఆడవాళ్లు తెల్లవారకముందే ఆటో ఎక్కుతారు. అందుకే రాత్రి భోజనాల వేళ దాటాక పెట్టండి. ఊళ్లో ఒకటి, కాలనీలో ఒకటి, విడివిడిగా. అందరినీ ఒకేచోట కూర్చోబెడితే మాట్లాడేది ఎప్పుడూ మాట్లాడే నలుగురే.

‘మీ పిల్లలు ఏం కావాలి?’ అని మాత్రం అడగవద్దు. డాక్టరు, కలెక్టరు, పోలీసు అంటారు, సంభాషణ అక్కడితో సరి. ‘ఏడో తరగతి దాటేసరికి మీ పాప ఎవరి సాయం లేకుండా ఏ పని చేయగలగాలి?’ అని అడగండి. మా దగ్గర ఒక తల్లి, ‘బ్యాంకులో డబ్బు తీసే కాగితం పక్కవాళ్లను బతిమాలకుండా నింపాలి’ అంది. ఇంకొకావిడ, ‘పురుగుమందు డబ్బా మీద ఏం రాసి ఉందో చదివి చెప్పాలి’ అంది. ఒక తాతగారికి కాటా దగ్గర లెక్క కావాలి: క్వింటా ధర ఇంత, తరుగు ఇంత, కమీషను ఇంత, చేతికి ఎంత? అది అచ్చంగా ఏడో తరగతి శాతాల పాఠం. డబ్బా మీది ఎర్ర త్రికోణం అత్యంత విషమని, ఆకుపచ్చది అన్నిటికన్నా తక్కువ విషమని తెలుసుకోవడం సైన్సు పాఠంలో కలిసిపోయింది. చిన్న తరగతులకు కొలత వెతుక్కోనక్కర లేదు. చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం ప్రకారం మూడో తరగతి పిల్లలు అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలి.

పిల్లలను వేరుగా అడగండి. పేర్లు రాయని చీటీలు, ఒక డబ్బా చాలు. మాకు ఎక్కువగా వచ్చిన కోరిక ‘తప్పు చెబితే నవ్వకూడదు’. అది ఉపాధ్యాయుల కోసం రాసిన వాక్యంగా పత్రంలోకి యథాతథంగా వెళ్లింది. స్టాఫ్ రూములో కాసేపు ముఖాలు ముడుచుకున్నాయనుకోండి! ఆడపిల్లల చీటీల్లో పెళ్లి భయం కనిపించింది. అందుకే ‘ఇంట్లో పెళ్లి మాట ఎత్తితే ఏ టీచరుకు చెప్పాలో, పిల్లల సహాయ నంబరు 1098కి ఎలా ఫోన్ చేయాలో ప్రతి అమ్మాయికీ తెలుసు’ అని రాసుకున్నాం.

ఇక రాయడం. ప్రతి వాక్యానికీ ఒకటే పరీక్ష: బయటి మనిషి బడికి వచ్చి చూస్తే అది జరుగుతోందో లేదో తేల్చగలగాలి. ‘నైతిక విలువలు పెంపొందించుట’ ఈ పరీక్షలో నిలవదు. ‘భోజనాల వరుసలో పెద్ద తరగతులవాళ్లు చిన్నవాళ్లను ముందుకు పంపుతారు’ అన్నది నిలుస్తుంది. సాంబారు గరిటె పట్టుకున్న వంటమనిషి ఏ రోజైనా దానికి సమాధానం చెప్పగలదు. వాక్యాలు ఏడెనిమిదికి మించనివ్వకండి. ప్రతిదానికీ ఎదురుగా, దాన్ని ఎవరు గమనిస్తారో పేరు రాయండి. ఆ పేరు ఎప్పుడూ ప్రధానోపాధ్యాయులదే (హెచ్‌ఎందే) అయితే పత్రం బీరువాలోకి పోతుంది.

చిత్తుప్రతిని చదువు రానివాళ్లకు బిగ్గరగా చదివి వినిపించండి. ‘అంటే ఏమిటమ్మా?’ అని అడిగిన ప్రతి మాటనూ కొట్టేయండి. మా ప్రతిలో మొదట ఎగిరిపోయింది ‘సామర్థ్యాలు’.

సమీక్ష ఏడాదికి రెండుసార్లు సరిపోతుంది. మాకైతే సంక్రాంతి ముందు ఒకసారి, వేసవి సెలవుల ముందు ఒకసారి. కోతలు మొదలైతే హాజరు పడిపోతుంది కాబట్టి, ఎవరి పిల్లలు వెనకబడతారో జనవరిలోనే మాట్లాడుకోవాలి. నెరవేరని వాక్యాన్ని తీసేయకుండా, ఎందుకు కాలేదో పక్కన రాయండి.

చివరగా అందరి సంతకాలు, వేలిముద్రలు తీసుకుని ఒక ప్రతిని కమిటీ తీర్మానాల పుస్తకంలో అంటించండి. బదిలీ అయినప్పుడు కొత్త హెచ్‌ఎంకు అప్పగించే జాబితాలో స్టాకు రిజిస్టరు పక్కనే దీన్నీ చేర్చి, అందినట్టు సంతకం తీసుకోండి.