కప్ప చర్మం మీద పొటెన్షియల్: సోడియం ఏ ముఖాన, పొటాషియం ఏ ముఖాన

కప్ప పొట్ట చర్మాన్ని ద్రావణం నింపిన రెండు గదుల మధ్య బిగించి వోల్టుమీటరు పెడితే, బయటి వైపుతో పోల్చినప్పుడు లోపలి వైపు కొన్ని పదుల మిల్లీవోల్టుల ప్లస్‌లో ఉంటుంది. ఈ తేడానే పొటెన్షియల్. ఆ ఒక్క అంకెతో ఏ అయాన్ ఏ పొరగుండా పోతోందో తేలదు. ఒక వైపు ఒకే అయాన్‌ను మార్చి, అంకె ఎంత కదిలిందో చూడాలి. 1958లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు కోఫోడ్-యాన్‌సన్, ఉస్సింగ్ ఈ దారినే వెళ్లి, బయటి పొర సోడియంకు, లోపలి పొర పొటాషియంకు దారి ఇస్తాయని చెప్పారు.

చెరువు కప్పను పట్టుకురావద్దు. మన పెద్ద కప్పలకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. జంతు నైతిక కమిటీ అనుమతితో ల్యాబ్‌లో పెంచిన జెనోపస్ (ఆఫ్రికా నీటి కప్ప) వాడండి. వేరే పనికి ఇప్పటికే వాడిన కప్ప చర్మం దొరికితే అదే అన్నిటికంటే మేలు.

ఎలక్ట్రోడ్లకు బెంగళూరు నగరత్‌పేటలో వెండి తీగ కొనేటప్పుడు 999 అని గట్టిగా అడగండి. 925లో రాగి కలిసి ఉంటుంది, రీడింగు నిలవదు. తీగను 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, 1.5 వోల్టుల సెల్ ప్లస్‌కు 1.5 కిలో ఓముల రెసిస్టరు ద్వారా కలపండి. సెల్, రెసిస్టరు అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్డులో దొరుకుతాయి. మైనస్‌కు పెన్సిల్ గ్రాఫైటు చాలు. తీగ అంతా ముదురు ఊదా-గోధుమ రంగు తిరిగాక తీయండి. రెండు ఎలక్ట్రోడ్లనూ ఒకే ద్రావణంలో పెడితే తేడా 1 మిల్లీవోల్టు లోపు ఉండాలి. లేకపోతే రెండు కొసలూ కలిపి రాత్రంతా వదిలేయండి.

అగార్ బ్రిడ్జికి (రెండు ద్రావణాలను విద్యుత్‌పరంగా కలిపే, ఉప్పు జెల్లీ నింపిన ట్యూబు) 100 మిల్లీలీటర్ల నీటికి 22.4 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 3 గ్రాముల అగార్. ట్యూబులోకి లాగేటప్పుడు గాలి బుడగ చొరబడితే అంకె ఊగుతూనే ఉంటుంది.

ద్రావణం సల్ఫేటుతోనే చేయండి. మామూలు రింగర్‌లో (శరీర ద్రవాన్ని పోలిన ఉప్పు ద్రావణం) క్లోరైడు చర్మంగుండా జారిపోయి పొటెన్షియల్‌ను కొంత తినేస్తుంది. సల్ఫేటు దాదాపు దూరదు. లీటరుకు సోడియం సల్ఫేటు 7.81 గ్రాములు (నీరు లేని రకం), పొటాషియం సల్ఫేటు 0.174, కాల్షియం సల్ఫేటు డైహైడ్రేటు 0.172, సోడియం బైకార్బొనేటు 0.2, సుక్రోజ్ సుమారు 17 గ్రాములు. పొటాషియం రకానికి సోడియం లవణాల బదులు పొటాషియం సల్ఫేటు మొత్తం 9.76, పొటాషియం బైకార్బొనేటు 0.24 గ్రాములు, మిగతావి అవే. బోరు నీళ్లు వద్దు, డిస్టిల్డ్ వాటరే. సల్ఫేటులో వెండి తీగను నేరుగా ముంచితే పని చేయదు, దానికి క్లోరైడు కావాలి. అందుకే తీగలు 3 మోలార్ పొటాషియం క్లోరైడు గిన్నెల్లో ఉండి, అక్కడినుంచి బ్రిడ్జిలు గదుల్లోకి రావాలి.

చర్మాన్ని లాగి బిగించొద్దు. అంచుకు సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, చర్మం బయటి ముఖం ఏ గదివైపో రాసిపెట్టుకోండి. రెండు వైపులా గాలి బుడగలు పంపుతూ అరగంట ఆగితే అంకె కుదురుతుంది. నిరోధం చూడడానికి 10 మైక్రోఆంపియర్లు పంపండి: 20 మిల్లీవోల్టులు కదిలితే 2 కిలో ఓములు. చర్మం లేకుండా వచ్చిన నిరోధాన్ని ముందే కొలిచి తీసేయాలి. కొన్ని వందల ఓములే మిగిలితే అంచు నలిగిందనే అనుమానించండి.

ఇప్పుడు అసలు పని. బయటి గదిలో 1 వంతు సోడియం ద్రావణం, 9 వంతులు పొటాషియం ద్రావణం పోయండి. సోడియం పదో వంతుకు పడుతుంది. 25 డిగ్రీల దగ్గర, సోడియం ఒక్కటే దూరే పొరకు లెక్క 59 మిల్లీవోల్టుల తగ్గుదల. నిజంగా వచ్చేది దానికి కొంచెం తక్కువే. అక్కడ పొటాషియం అంత పెరిగినా పొర దాన్ని పట్టించుకోదు, చూడాల్సింది అదే. కడిగి, పాత అంకె తిరిగి వచ్చాక లోపలి గదిలో 84 మిల్లీలీటర్ల సోడియం ద్రావణానికి 16 మిల్లీలీటర్ల పొటాషియం ద్రావణం కలిపి పోయండి. పొటాషియం 2 నుంచి 20 మిల్లీమోలార్‌కు పెరుగుతుంది, పొటెన్షియల్ మళ్లీ పడుతుంది. పాత అంకె రాకపోతే చర్మం అలసింది. ఆ కొలతను లెక్కలోకి తీసుకోకండి.

చివర బయటి గదిలో 5 మిల్లీలీటర్లకు 10 మిల్లీమోలార్ అమిలోరైడు (సోడియం దారులను మూసే మందు) 50 మైక్రోలీటర్లు వేయండి. నిమిషం లోపే పొటెన్షియల్ కుప్పకూలాలి. అదే మందును లోపలి వైపు వేస్తే అలా కూలదు. బయట వేసినా అంకె కదలకపోతే ముందు చర్మం తిరగబడిందేమో చూడండి, తర్వాతే మందును తప్పుపట్టండి.