పెళ్ళివేదిక వెనక పాలకడలి: కట్టే పద్ధతి

వేదిక వెనక పురాణకథ కావాలని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఫోన్‌లో చూపించేది మాత్రం దాదాపు అందరూ ఒకటే: మధ్యలో దేవుడి పెద్ద ఫ్లెక్సీ, చుట్టూ పూలు. మాది రావులపాలెం దగ్గర. మా ఆయనది షామియానా సప్లై, నేను డ్రాయింగ్ టీచర్ని. బాదులూ బట్టలూ ఆయన చూసుకుంటారు, కథా బొమ్మా నా వంతు. నేను పట్టుబట్టేది ఒక్కటే. కథలో దేవుడి చోటు ఖాళీగా వదిలేయండి. కన్యాదానం శ్లోకంలోనే పెళ్ళికొడుకుని విష్ణువని పిలిచి పిల్లనిస్తారు. అసలు విష్ణువు పీటల మీద కూర్చుని ఉండగా వెనక గోడకి ఇంకో విష్ణువెందుకు?

కథ ఎంచుకునేటప్పుడు కాస్త ఇంట్లో పెద్దవాళ్ళని కూడా అడగండి. రుక్మిణీ కళ్యాణం అందంగా ఉంటుంది, కానీ ఒక ఇంట్లో పిల్ల మేనమామ "లేచిపోయిన కథ మా గుమ్మంలోనా?" అని అడ్డం తిరిగాడు. ద్రాక్షారామం మనకి దగ్గరే అని దక్షయజ్ఞం అడిగినవాళ్ళూ ఉన్నారు. మామా అల్లుళ్ళ గొడవ పెళ్ళిలో వద్దని నేనే ఆపాను. నాకు నచ్చేది క్షీరసాగర మథనం. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామిని చూసినవాళ్ళకి, ముందువైపు కేశవుడు, వెనకవైపు మోహిని ఒకే రాతిలో ఉన్న ఆ గుడి తెలిసినవాళ్ళకి, ఈ కథ పరాయిది కాదు.

అందులోనూ ఒక్క ఘట్టమే తీసుకోండి. హాలాహలం, అమృతం కోసం కొట్లాట వదిలేసి, లక్ష్మి పుట్టి విష్ణువుకి మాల వేసే చోట ఆగండి. సముద్రుడు పసుపు పట్టుబట్టలు, వరుణుడు వైజయంతీమాల, సరస్వతి హారం, బ్రహ్మ తామరపువ్వు, నాగులు కుండలాలు ఇచ్చారని భాగవతంలో ఉంది. అచ్చం మనం పెళ్ళికూతుర్ని చేసినట్టే. రంగులు కూడా అక్కడే దొరికాయి: పాలతెలుపు, పసుపు, ఆకుపచ్చ, కాస్త తామర గులాబీ. ఐదో రంగు కలపకండి.

బాదులు పాతకముందే పురోహితుణ్ణి అడిగి దిక్కులు ఖాయం చేసుకోండి. జీలకర్ర బెల్లం దాకా ఇద్దరూ అడ్డుతెరకి అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చుంటారు, తర్వాత పక్కపక్కన. రెండుసార్లూ వెనక ఏం కనపడుతుందో వేదిక మీద పీట వేసుకుని కూర్చుని, ఎదురుగా ఒకరిని ఫోటో తీయమని చూసుకోవాలి. పీటల మీద కూర్చున్న మనిషి తల దాదాపు మూడడుగుల ఎత్తుకి వస్తుంది. కాబట్టి 24 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు వేదికైతే కింది 4 అడుగులూ పాలకడలికే వదలాలి. అక్కడ బొమ్మలు పెడితే పెళ్ళికొడుకు చెవిలోంచి ఐరావతం తొండం వచ్చినట్టు ఫోటోలో పడుతుంది.

కడలికి మిలమిలలాడే తెల్ల బట్ట కొనకండి. ఎల్‌ఈడీ లైట్ల కింద నీలంగా కొడుతుంది. కోరా నూలుబట్ట మేలు. ముడతలు నిండుగా రావాలంటే వెడల్పుకి రెండున్నర రెట్లు పడుతుంది, అంటే ఒక్కో అలకి 60 అడుగులు. మూడు అలలు చాలు. నైలాన్ నెట్ హోమం దగ్గరికి రానివ్వకండి. ఏ బట్టైనా హోమగుండానికి ఆరడుగుల దూరం ఉండాలి, పక్కన ఇసక బకెట్లు ఉండాలి.

మందరపర్వతానికి వెదురు తడిక కట్టి, బంకమట్టీ మైదా జిగురూ కలిపిన నీళ్ళలో గోనెపట్టాలు ముంచి, ముడతలు పడేలా కప్పి ఆరబెట్టండి. రాయిలా బిగుసుకుంటుంది. సందుల్లో కడియం నర్సరీల నుంచి తెచ్చిన ఫెర్న్ కుండీలు దూర్చితే కొండకి ప్రాణం వస్తుంది. కూర్మాన్ని మాత్రం కొండ కింద పెట్టకండి, ఎవరికీ కనపడదు. వేదిక ముందు అంచున కొబ్బరి డొక్కలు బోర్లించి చేస్తే మండపమంతా తాబేలు మీద నిలబడ్డట్టుంటుంది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన పని వాసుకి. లోపల కొబ్బరిపీచు మోకు, దాని చుట్టూ గడ్డి వెంటి పేనుతూ మనిషి తొడంత లావు తేవాలి. పొలుసులకి పనసాకులు. తమలపాకు రెండు గంటల్లో వాడిపోతుంది. పనసాకు మందం, మెరుపు కూడా పోదు. అంబాజీపేట వైపు పొట్టిక్కలకి, అంటే ఆకుబుట్టలో ఉడికించే ఇడ్లీలకి, బుట్టలు కుట్టే ఆకే కదా, ఆవిరికే తట్టుకుంటుంది. తోక నుంచి మొదలుపెట్టి, ఆకు కొసలు తోకవైపు ఉండేలా, ప్రతి వరసా ముందు వరస మొదలు కప్పుతూ తలదాకా రావాలి. పడగలకి ఐదు తాటాకు విసనకర్రలు, రంగు వేసి.

తలవైపు రాక్షసులు, తోకవైపు దేవతలు. ఇక్కడే అసలు టెన్షన్: మగపెళ్ళివారు కూర్చున్న వైపు రాక్షసులు వచ్చారో, అయిపోయామన్నమాటే! అందుకే కోరలూ బుర్రమీసాలూ పెట్టను. అందరినీ ఒకే అచ్చుతో ప్లైవుడ్‌లో కోసి, మాధవపట్నం తోలుబొమ్మల్లోలా నగల దగ్గర చిల్లులు పొడిచి, వెనక నుంచి పసుపు లైటు వేస్తాను. కంబోడియాలో 12వ శతాబ్దపు అంకోర్‌వాట్ గోడ మీద ఇదే మథనం ఉంది. అక్కడా అందమంతా ఒకే భంగిమ వరసగా మళ్ళీ మళ్ళీ రావడంలోనే ఉంది.

లక్ష్మి చోట, పీటల వెనక, పెద్ద తామర. రేకులకి అరటి దొప్పలు వాడండి. తెల్లగా, నున్నగా, పుట్టుకతోనే వంపు తిరిగి ఉంటాయి. కోసిన అంచు నల్లబడుతుంది కాబట్టి నిమ్మరసం నీళ్ళలో ముంచి, ముహూర్తానికి కాస్త ముందే పెట్టాలి. కొసలకి గులాబీ రంగు అద్దితే చాలు. బంతి, చామంతి కడియపులంక మార్కెట్‌లో తెల్లవారుజామునే తెచ్చుకోండి. మల్లెలు అన్నిటికన్నా చివర.

దండలు రెండూ ముందే ఆ తామర రేకులకి, పెళ్ళికూతురి చేతికి అందే ఎత్తులో కొక్కాలు కొట్టి తగిలించండి. దండలు మార్చుకునే వేళ అక్కడి నుంచే తీసుకుంటారు. ఈ సంగతి పురోహితుడికీ ఫోటోగ్రాఫర్‌కీ ముందే చెప్పాలి, లేకపోతే ఎవరో బాబాయి వేరే దండలు పట్టుకొచ్చి నిలబడతాడు.

ఏటిగట్టు పక్క పెళ్ళైతే సాయంత్రం గాలికి సరుగుడు బాదులు మూడడుగులు దిగాలి, వెనక మోకులతో లాగి కట్టాలి. పనసాకులు గుచ్చడానికి గుండుసూదులు వద్దు, విస్తళ్ళు కుట్టినట్టు ఈనెపుల్లలే వాడండి. మర్నాడు ఆ గడ్డీ ఆకులూ పశువులకే వేస్తారు.