గుర్రం దాణాలో వెల్లుల్లి కలిపే ముందు

ఈగలు ముసరకుండా ఉంటాయనో, దగ్గుకు మంచిదనో గుర్రం దాణాలో వెల్లుల్లి పొడి కలిపేవారున్నారు. ఈగల విషయంలో గట్టి ఆధారం లేదు కానీ, రక్తానికి చేటు చేయగలదనడానికి మాత్రం ఉంది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో వెలువరించిన అధ్యయనంలో, రెండు గుర్రాలకు ఎండబెట్టిన వెల్లుల్లిని మోతాదు పెంచుకుంటూ మొత్తం 71 రోజులు పెట్టగా, రోజుకు కిలో శరీర బరువుకు 0.2 గ్రాములు దాటాక వాటిలో రక్తహీనత లక్షణాలు బయటపడ్డాయి. వెల్లుల్లిలోని గంధక సమ్మేళనాలు ఎర్ర రక్తకణాల్లోని హీమోగ్లోబిన్‌ను దెబ్బతీస్తే అది గడ్డకట్టి ‘హీన్జ్ బాడీలు’గా మారుతుంది, అలాంటి కణాలను శరీరం త్వరగా నాశనం చేస్తుంది. ఆ గుర్రాలు వెల్లుల్లిని తమంతట తామే తిన్నాయి కనుక, హాని చేసేదైతే గుర్రమే ముట్టదన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

అందువల్ల చెంచాతో కొలవకండి, గ్రాముల త్రాసుతో తూచండి. గుర్రం బరువు తెలియకపోతే, ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను, భుజం కొన నుంచి పిరుదు కొన వరకు పొడవును సెంటీమీటర్లలో తీసుకుని, చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, వచ్చినదాన్ని 11,880తో భాగించండి. చుట్టుకొలత 160, పొడవు 150 అయితే బరువు సుమారు 323 కిలోలు. అంటే ఆ గుర్రానికి రోజుకు 65 గ్రాముల పొడి ప్రమాదపు గీత. పరీక్షించినవి రెండే గుర్రాలు కాబట్టి, ఆ గీతకు కాస్త కింద ఉంటే క్షేమమేనని అనుకోకూడదు. పచ్చి రెబ్బల్లో నీరు ఎక్కువ కాబట్టి వాటి లెక్కను పొడికి వర్తింపజేయకండి. దగ్గు మందులు, ఈగల పొడులు, నాకుడు దిమ్మలు వీటన్నిటిలోని వెల్లుల్లినీ కలిపి లెక్కించండి.

గుర్రపు పిల్లలకు, చూలుతో ఉన్నవాటికి, పాలిచ్చేవాటికి, ఇప్పటికే రక్తం తక్కువగా ఉన్నవాటికి అసలు పెట్టకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. మిగిలినవాటికి పెట్టదలిస్తే, మొదలుపెట్టే ముందే పశువైద్యుడి చేత రక్తపరీక్ష చేయించి, కొన్ని వారాలకు మళ్లీ చేయించి రెండింటినీ పోల్చండి. గుర్రాల్లో కొత్త ఎర్రకణాలు ఎముక మజ్జలోనే పరిపక్వమై వస్తాయి కాబట్టి, నష్టం పూడుతోందో లేదో మామూలు పరీక్షలో తేలిగ్గా తెలియదు. అందుకే హీన్జ్ బాడీల కోసం ప్రత్యేకంగా చూడమని అడగాలి.

రోజూ పైపెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగు పాలిపోయినా, పసుపు తిరిగినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కొద్దిపాటి నడకకే గుర్రం అలసిపోతున్నా వెల్లుల్లి వెంటనే మానేసి, ఎన్ని రోజులుగా ఎంత పెట్టారో రాసుకుని పశువైద్యుడిని పిలవండి. ఆ అధ్యయనంలో వెల్లుల్లి ఆపిన 5 వారాల్లో గుర్రాలు చాలావరకు కోలుకున్నాయి.