కంపెనీ లెక్కల్లో దొంగ లాభం ఎక్కడ దాక్కుంటుందో పట్టుకోవడం ఎలా

లేని లాభాన్ని చూపించడం తేలికే, దాన్ని దాచడమే కష్టం. ఈ గైడ్ మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది కాబట్టి ముందు దాన్ని సరిగ్గా అర్థం చేసుకుందాం.

లెక్కల్లో ప్రతి ఎంట్రీకీ రెండు వైపులుంటాయి. జరగని అమ్మకం ఒకటి 100 కోట్లకు రాశారనుకోండి. అమ్మకాలు పెరిగాయి, లాభమూ పెరిగింది, మరి రెండో వైపు ఏం రాయాలి? డబ్బు రాలేదు కాబట్టి ఫలానా కస్టమర్ మనకు 100 కోట్లు బాకీ ఉన్నాడని రాస్తారు. ఏడాది తిరిగినా ఆ బాకీ వసూలు కాదు, అసలు ఆ కస్టమరే లేడు కదా. పాత బాకీ అలా పేరుకుపోతుంటే ఎవరో ఒకరు అడుగుతారు, అందుకని దాన్ని అక్కణ్ణుంచి లేపి ఇంకో చోట కూర్చోబెడతారు. గోడౌన్‌లో సరుకు ఉందంటారు, లేదా కొత్త ప్లాంటు కడుతున్నామంటారు, ఎవరికో అడ్వాన్స్ ఇచ్చామంటారు, మరీ తెగించినవాళ్లు బ్యాంకులోనే ఉందంటారు. లాభనష్టాల ఖాతా ప్రతి ఏడూ సున్నా నుంచి మొదలవుతుంది, బ్యాలెన్స్ షీట్ (కంపెనీకి ఉన్న ఆస్తులు, అప్పుల పట్టిక) మాత్రం పాత అబద్ధాలన్నీ మోసుకుంటూ వస్తుంది. అందుకే మనం వెతకాల్సింది బ్యాలెన్స్ షీట్‌లో.

మీకు కావాల్సినవి ఆ కంపెనీ గత ఐదేళ్ల యాన్యువల్ రిపోర్టులు (వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి), ఒక తెల్ల కాగితం, ఒక సాయంత్రం. కన్సాలిడేటెడ్ లెక్కలే తీసుకోండి, అంటే సబ్సిడరీలన్నీ (కంపెనీ చేతిలో ఉన్న పిల్ల కంపెనీలు) కలిపి చూపించినవి. చైర్మన్ ఉత్తరం, రంగురంగుల బొమ్మల పేజీలు ఇప్పుడే చదవొద్దు. అవి ముందు చదివితే మనసు వాళ్ల వైపు మొగ్గుతుంది, తర్వాత కనిపించే అంకెలకు మనమే సాకులు వెతుకుతాం. కాగితం మీద ఐదేళ్లకు ఐదు గళ్లు గీసి అమ్మకాలు, నికర లాభం, ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో (రోజువారీ వ్యాపారం నుంచి నిజంగా చేతికొచ్చిన డబ్బు), రావాల్సిన బాకీలు, సరుకు నిల్వ, అప్పులు, క్యాష్ వరసగా రాసుకోండి.

మొదటి పరీక్ష చాలా సింపుల్. ఐదేళ్ల నికర లాభం మొత్తం కూడండి, పక్కన ఐదేళ్ల ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో కూడండి. ఒక ఏడాదిలో ఈ రెండూ తేడాగా ఉండటం మామూలే, కానీ ఐదేళ్లు కలిపాక కూడా లాభం 500 కోట్లు, చేతికొచ్చిన డబ్బు 120 కోట్లు అని తేలితే మిగతా 380 కోట్లు ఎక్కడ కూర్చున్నాయో మీరు కనుక్కోవాలి. వేగంగా పెరుగుతున్న వ్యాపారాల్లో నిజంగానే డబ్బు సరుకులోనూ బాకీల్లోనూ ఇరుక్కుంటుంది, కాబట్టి వెంటనే మోసం అనేయకండి. ఇంకో మాట, బ్యాంకులకూ ఫైనాన్స్ కంపెనీలకూ ఈ పరీక్ష పనికిరాదు, వాళ్లకు అప్పులివ్వడమే వ్యాపారం.

తర్వాత బాకీలు. రావాల్సిన బాకీలను అమ్మకాలతో భాగించి 365తో గుణిస్తే సగటున ఎన్ని రోజులకు డబ్బు వసూలవుతుందో తెలుస్తుంది. అమ్మకాలు 1,000, బాకీలు 200 అయితే 73 రోజులు. మరుసటి ఏడాది అమ్మకాలు 1,300కి, బాకీలు 400కి వెళ్తే 112 రోజులు. అమ్మకాలు 30 శాతమే పెరిగాయి, బాకీలు మాత్రం రెట్టింపయ్యాయి. అంటే ఊరికే అప్పు మీద సరుకు తోసేస్తున్నారా, ఇయర్ ఎండ్‌కి ముందు చివరి వారంలో బిల్లులు కొట్టేస్తున్నారా, లేక ఆ కస్టమర్లే లేరా? నోట్స్‌లో (లెక్కల వెనక ఇచ్చే వివరణల పేజీలు) బాకీల వయసు ప్రకారం పట్టిక ఇచ్చి ఉంటే అది చూడండి, పాతవి ఏటా పెరుగుతూ ఉంటే, వాటికి తీసిన ప్రొవిజన్ (వసూలు కావేమోనని ముందే నష్టంగా రాసుకున్న మొత్తం) మాత్రం అంతే ఉంటే అక్కడ ఎర్ర ఇంకుతో గీత పెట్టండి. సరుకు నిల్వకూ ఇదే పద్ధతి, ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఇక్కడొక చిక్కుంది. క్యాష్ ఫ్లో బాగుంటే చాలని ఆగిపోతే వరల్డ్‌కామ్ లాంటి మోసం మీకు చిక్కదు. ఆ టెలికాం కంపెనీ వేరే కంపెనీల లైన్లు వాడుకున్నందుకు కట్టే రోజువారీ ఖర్చును ఖర్చుగా రాయకుండా ఆస్తిగా రాసేసింది. దాంతో లాభం పెరిగింది, డబ్బు బయటికి పోవడం కూడా ఆపరేటింగ్ లైనులోంచి ఇన్వెస్టింగ్ లైనులోకి (ఆస్తులు కొనడానికి పెట్టిన డబ్బు) మారిపోయింది, కాబట్టి ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో కూడా చక్కగా కనిపించింది. ఇంటర్నల్ ఆడిట్ హెడ్ సింథియా కూపర్, ఆమె టీమ్ పై అధికారులకు తెలియకుండా రాత్రిళ్లు కూర్చుని ఆ ఎంట్రీలు తవ్వి తీశారు. 2002 జూన్‌లో బయటపెట్టినప్పుడు 3.8 బిలియన్ డాలర్లు అన్నారు, చివరికి అది 11 బిలియన్ల దాకా పోయింది. కాబట్టి ఆపరేటింగ్ క్యాష్ ఫ్లోలోంచి ఏటా ఆస్తుల మీద పెట్టిన ఖర్చు తీసేసి ఏం మిగిలిందో కూడా రాసుకోండి. ఏళ్ల తరబడి కోట్లు కుమ్మరిస్తున్నామంటున్నా ఉత్పత్తి పెరగకపోతే, 'నిర్మాణంలో ఉన్న ఆస్తులు' అనే లైను ఏళ్లు గడిచినా పూర్తయిన ఆస్తిగా మారకపోతే, ఆ డబ్బు నిజంగా ప్లాంటులోకే వెళ్లిందా అని అడగాల్సిందే.

ఇప్పుడు క్యాష్. బ్యాంకులో ఉన్న డబ్బును ఎవరు అనుమానిస్తారు? అందరూ అలాగే అనుకుంటారు, పెద్ద మోసాలు చాలాసార్లు అక్కడే దాక్కుంటాయి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం ప్రకారం పుస్తకాల్లో చూపించిన క్యాష్, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు, అందులో 5,040 కోట్లు లేనే లేవు. అదే ఉత్తరంలో ఇంకో అంకె ఉంది, నాకు అది ఇంకా ముఖ్యమైనదిగా అనిపిస్తుంది. రావాల్సిన వడ్డీ అని చూపించిన 376 కోట్లు కూడా అబద్ధమే. లేని డబ్బుకు వడ్డీ కూడా రాయాలి కదా, ఒక అబద్ధం ఇంకో అబద్ధాన్ని పుట్టిస్తుంది. 2008 సెప్టెంబర్‌తో ముగిసిన క్వార్టర్‌కి ఆపరేటింగ్ లాభం 649 కోట్లని చూపిస్తే అసలు లాభం 61 కోట్లే. పులి మీద స్వారీ చేస్తున్నట్టు ఉందని, దానికి ఆహారం కాకుండా ఎలా దిగాలో తెలియలేదని ఆయనే రాశారు. దానికి కొన్ని వారాల ముందు తన కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సత్యంతో కొనిపించాలని చూసింది కూడా లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు పెట్టడానికేనని ఒప్పుకున్నారు.

కాబట్టి క్యాష్‌ని ఇలా పరీక్షించండి. ఏడాది మొదట్లో, చివర్లో ఉన్న నిల్వల సగటు తీసి, ఆ ఏడాది వచ్చిన వడ్డీని దానితో భాగించండి. సగటు నిల్వ 1,000 కోట్లు, బ్యాంకు డిపాజిట్ రేటు 6 శాతం అయితే సుమారు 60 కోట్లు రావాలి. 15 కోట్లే వచ్చిందంటే ఆ డబ్బు ఏడాదంతా అక్కడ లేకపోయి ఉండొచ్చు, ఇయర్ ఎండ్ రోజున మాత్రమే కనిపించి ఉండొచ్చు, లేదా అసలే లేకపోవచ్చు. వడ్డీ సరిపోయినా వదలొద్దు, అది నిజంగా చేతికొచ్చిందా లేక 'రావాల్సిన వడ్డీ' కింద పేరుకుంటోందా అని క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌తో పోల్చుకోండి. ఆ తర్వాత అన్నిటికన్నా సూటి ప్రశ్న: ఇంత డబ్బు చేతిలో ఉంటే మళ్లీ అప్పెందుకు చేస్తున్నారు? ఇటలీ పాల కంపెనీ పర్మలాట్ వేల కోట్ల నిల్వలున్నాయంటూనే బాండ్లు అమ్మి అప్పులు తెస్తూ ఉండేది. కేమన్ దీవుల్లోని దాని సబ్సిడరీ ఖాతాలో ఉన్నాయన్న 3.95 బిలియన్ యూరోలు లేవని, ఆ కాగితం తమది కాదని 2003 డిసెంబర్‌లో బ్యాంక్ ఆఫ్ అమెరికా తేల్చేసింది. దాదాపు పదిహేడేళ్ల తర్వాత 2020 జూన్‌లో జర్మనీ కంపెనీ వైర్‌కార్డ్ కథ కూడా ఇదే, ఫిలిప్పీన్స్ బ్యాంకుల్లో ఉన్నాయన్న 1.9 బిలియన్ యూరోలు అక్కడ లేవు.

నేను ఆడిట్ నేర్చుకుంటున్న రోజుల్లో ఒక కంపెనీ అకౌంట్స్ ఆయన "బ్యాంకు లెటర్ మేమే తెచ్చిస్తాం, మీకెందుకు శ్రమ" అన్నాడు. మా సీనియర్ ఒప్పుకోలేదు. బ్యాంకు అడ్రస్ కూడా కంపెనీ ఇచ్చిన కాగితంలోది కాకుండా మేమే వెతికి పంపాలని, జవాబు నేరుగా మా ఆఫీసుకే రావాలని పట్టుబట్టారు. వచ్చిన లెటర్‌లో బ్యాలెన్స్ పైసాతో సహా సరిపోయింది. కింద మాత్రం ఒక్క లైను ఎక్కువగా ఉంది: ఆ డిపాజిట్ మొత్తం ఇంకో గ్రూపు కంపెనీ తీసుకున్న అప్పుకు తాకట్టులో ఉంది. కంపెనీ మాకిచ్చిన కాపీలో ఆ లైను లేదు. అప్పటి నుంచి ఏ రిపోర్ట్ చూసినా క్యాష్ కింద ఉన్న నోట్ తీసి 'లియన్', 'మార్జిన్ మనీ' అనే మాటల కోసం (రెండూ ఆ డబ్బు తాకట్టులోనో హామీగానో ఉందని చెప్పేవే) వెతకడం నాకు అలవాటైపోయింది. మీరూ వెతకండి, ఉన్న డబ్బు కూడా కంపెనీది కాకుండా పోయే దారి అది.

నోట్స్‌లో తప్పకుండా చదవాల్సిన ఇంకో పేజీ రిలేటెడ్ పార్టీ లావాదేవీలు, అంటే కంపెనీ తన సొంతవాళ్లతో, వాళ్ల కంపెనీలతో చేసినవి. అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్ దివాలా తీసింది 2001 డిసెంబర్‌లో, కానీ కంపెనీ సీనియర్ అధికారి ఒకరు నడిపే పార్ట్‌నర్‌షిప్‌లతో తాము లావాదేవీలు చేస్తున్నామని 2000 సంవత్సరపు రిపోర్ట్ నోట్స్‌లోనే ఉంది. ఆ అధికారి సీఎఫ్ఓ (కంపెనీ ఆర్థిక వ్యవహారాల అధిపతి) ఆండ్రూ ఫాస్టో. నోట్‌లో ఆయన పేరు లేదు, భాష మెలికలు తిరిగి ఉంది, అయినా విషయం కాగితం మీద ఉంది. ఒక నోట్‌ని మూడుసార్లు చదివినా ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో తేలకపోతే మీ తెలివి తక్కువని అనుకోకండి, అర్థం కాకూడదనే రాసి ఉండొచ్చు. ప్రమోటర్ల సొంత కంపెనీలకు ఇచ్చిన అప్పులు, అడ్వాన్సులు, గ్యారంటీలు ఐదేళ్లవి పక్కపక్కన రాయండి. ఇచ్చింది తిరిగి రాకుండా ప్రతి ఏడూ పెరుగుతుంటే ఎర్ర గీత.

ఆడిటర్ రిపోర్ట్‌లో 'క్వాలిఫైడ్', 'అడ్వర్స్', 'డిస్‌క్లెయిమర్' అనే మాటలుంటే (లెక్కలు సరైనవేనని ఆడిటర్ పూర్తిగా ఒప్పుకోలేదని అర్థం) అక్కడ ఆగి ప్రతి అక్షరం చదవాలి. లేకపోయినా 'ఎంఫసిస్ ఆఫ్ మ్యాటర్' అనే పేరా (ఆడిటర్ ప్రత్యేకంగా గమనించమని చెప్పే విషయం) ఉందేమో చూడండి. క్లీన్ రిపోర్ట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండలేం, ఎన్‌రాన్‌కీ సత్యంకీ వైర్‌కార్డ్‌కీ ఏళ్ల తరబడి క్లీన్ రిపోర్టులే వచ్చాయి. ఆడిటర్‌కు ఆడిట్ ఫీజు ఎంత, మిగతా పనులకు ఎంత అనేది కూడా చూడాలి. 2000లో తన ఆడిటర్ ఆర్థర్ ఆండర్సన్‌కి ఎన్‌రాన్ ఆడిట్ కోసం 25 మిలియన్ డాలర్లు, ఇతర సేవలకు 27 మిలియన్లు ఇచ్చింది. అంత ఇచ్చే క్లయింట్‌కి ఎదురు చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. వీటికి తోడు ఆడిటర్ 'ఇతర పనుల ఒత్తిడి' అంటూ ఏడాది మధ్యలో తప్పుకోవడం, రెండేళ్లలో ముగ్గురు సీఎఫ్ఓలు మారడం, ఇండిపెండెంట్ డైరెక్టర్లు వరసగా వెళ్లిపోవడం కూడా గమనించాలి. ఇవి బ్యాలెన్స్ షీట్‌లో కనిపించవు, స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చిన ప్రకటనల్లో ఉంటాయి.

అవార్డుల్ని లెక్కలోకి తీసుకోవద్దు. కార్పొరేట్ గవర్నెన్స్‌కి సత్యం 2008లోనే గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుంది. రెగ్యులేటర్ చూసుకుంటుందిలే అని కూడా వదిలేయొద్దు, 2019 ఫిబ్రవరిలో జర్మనీ రెగ్యులేటర్ వైర్‌కార్డ్ షేర్ల షార్ట్ సెల్లింగ్‌ని (ధర పడిపోతుందని పందెం కాసి అమ్మడం) నిషేధించి, తర్వాత ప్రశ్నలడిగిన జర్నలిస్టుల మీదే ఫిర్యాదు చేసింది. కంపెనీ ఎలా జవాబిస్తుందన్నది మాత్రం గమనించండి. అడిగిన అంకె ఇవ్వకుండా అడిగినవాళ్ల మీద విరుచుకుపడితే అది గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే.

మీరు ఆ కంపెనీలోనే పనిచేస్తుంటే విషయం వేరు, టెన్షన్ కూడా వేరు. కాగితం లేని ఎంట్రీ కొట్టమని బాస్ చెబితే ఈమెయిల్‌లో రాసి పంపమనండి, ఒక్కసారికే కదా అని మాత్రం ఒప్పుకోకండి. వరల్డ్‌కామ్‌లో పైవాళ్లు చెప్పారని ఎంట్రీలు వేసిన అకౌంటెంట్లు కూడా జైలుకెళ్లారు. ఎప్పుడు ఎవరు ఏం చెప్పారో తేదీలతో రాసుకోండి, ముందు లాయర్‌తో మాట్లాడండి, ఆ తర్వాతే ఆడిట్ కమిటీకో రెగ్యులేటర్‌కో వెళ్లండి. చాలా మోసాలు బయటపడేది లోపలివాళ్లు నోరు విప్పినప్పుడే. జీతమిచ్చే కంపెనీ షేర్లలోనే రిటైర్‌మెంట్ డబ్బంతా పెట్టకండి కూడా, ఎన్‌రాన్ ఉద్యోగులకు ఉద్యోగం, దాచుకున్నది రెండూ ఒకేసారి పోయాయి.

బయటివాళ్లయితే, ఒక ఎర్ర గీత చూసి సోషల్ మీడియాలో దొంగ కంపెనీ అని రాసేయకండి. ఒకటుంటే అడగండి, మూడుంటే మీ డబ్బు వెనక్కి తీసుకోవడం గురించి ఆలోచించండి. అడిగేటప్పుడు పెద్ద మాటలొద్దు, ఇన్వెస్టర్ రిలేషన్స్‌కి రెండు లైన్ల ఈమెయిల్ చాలు: "గత ఇయర్ ఎండ్‌కి ఆరు నెలలు దాటిన బాకీలు ఎంత? అందులో ఈ రోజు వరకు ఎంత వసూలైంది?" జవాబులో వచ్చిన అంకెను అదే కాగితం మీద తేదీ వేసి రాసుకోండి, వచ్చే రిపోర్ట్ వచ్చిన రోజున ముందు ఆ లైనే తీసి చూడండి.