పవర్ స్టీరింగ్ ఆయిల్ కారుతోందా? ముందు చోటు పట్టండి, తర్వాతే పానా పట్టండి

ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ఎలక్ట్రిక్ స్టీరింగే, అందులో ఆయిలే ఉండదు. ఈ బాధ పాత బొలెరో, స్కార్పియో లాంటి హైడ్రాలిక్ బళ్లది.

కింద మరక ఎర్రగానో లేత గోధుమరంగులోనో జిడ్డుగా ఉంటే స్టీరింగ్ ఆయిల్‌ని అనుమానించండి. నల్లగా ఉంటే ఇంజిన్‌ది, వట్టి నీళ్లయితే ఏసీది. పనికి పానాలు, టార్చి, పాతగుడ్డలు, డీగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు), లీటరు ఆయిల్ చాలు.

అందరూ తప్పేది ఇక్కడే. చుక్క పడ్డచోటే లీకు అనుకుంటారు. ఆయిల్ పైపు వెంట జారి, అన్నిటికన్నా కిందున్న చోట చుక్క కడుతుంది. పైన క్లిప్పు వదులైనా పాపం పంపు మీద పడుతుంది, వేలు పోసి పంపు మార్చినా కారడం ఆగదు. అందుకే డీగ్రీజర్‌తో మొత్తం కడిగి ఆరనివ్వండి. హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు అడ్డం పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా ఒకరు స్టీరింగ్ రెండు కొసలకూ తిప్పాలి, ఇంకొకరు టార్చితో చూడాలి. కొసన 5 సెకన్లకు మించి పట్టి ఉంచితే పంపు వేడెక్కి పాడవుతుంది.

చూసేటప్పుడు పైపుని చేత్తో తడమొద్దు. లోపలి ఒత్తిడి 70 బార్లు దాటుతుంది, అంటే టైరులో గాలికి ముప్పై రెట్లు. సన్నటి చిల్లులోంచి చిమ్మే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఆయిల్ పోసే డబ్బా, ఆయిల్ డబ్బాకి తిరిగొచ్చే రిటర్న్ పైపు, పంపు నుంచి ఒత్తిడితో వెళ్లే ప్రెషర్ పైపు బిగింపు, పంపు పుల్లీ వెనక సీలు, ఈ వరసలో పైనుంచి కిందకి రండి. చివర రాక్ (చక్రాలను తిప్పే అడ్డకడ్డీ) కొసన ఉండే రబ్బరు తొడుగు, అంటే రాక్ బూట్, క్లిప్పు వదులు చేసి చూడండి. లోపల ఆయిల్ ఉంటే పోయింది రాక్ సీలు. సీలు మార్చకుండా కొత్త బూట్ తొడిగి పంపడం మోసం. కళింగపట్నం, బారువ లాంటి సముద్రతీరం వైపు తిరిగే బళ్లకి ఉప్పుగాలికి ఇనప పైపులు తుప్పుపడతాయి, పైపుల్ని పట్టి ఉంచే పట్టీల కింద కూడా చూడాలి.

రిటర్న్ పైపుకి కొత్త క్లిప్పు వేస్తే చాలు, రబ్బరు గట్టిపడితే ఆయిల్‌కి తట్టుకునే పైపు వేయాలి, రేడియేటర్ పైపు కాదు. ప్రెషర్ పైపుకి క్లిప్పు పనికిరాదు, మార్చాల్సిందే. దాని బిగింపులోని రాగి వాషర్లు కూడా కొత్తవే వేయాలి. రాక్ సీలు రాక్ పని తెలిసిన షెడ్డుకే ఇవ్వండి. లీకు ఆపే సీసా మందులు రబ్బరుని ఉబ్బించి నాలుగు రోజులు నెట్టుకొస్తాయి, అంతే.

డబ్బా మూత మీద రాసిన ఆయిలే పోయండి. లోపల చేరిన గాలి పోవడానికి ముందు చక్రాలు జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలిపి, ఇంజిన్ ఆపే ఉంచి, స్టీరింగ్ కొస నుంచి కొసకి నెమ్మదిగా ఇరవైసార్లు తిప్పండి. మధ్యలో డబ్బా ఖాళీ కానివ్వొద్దు. తర్వాతే స్టార్ట్ చేయాలి. ఆయిల్ నురగ కట్టినా, తిప్పితే మూలిగినా గాలి ఇంకా ఉన్నట్టే. ఇంజిన్ ఆపి గంట వదిలేసి మళ్లీ తిప్పండి.