సముద్రంలో ఈత – 6వ పాఠం: చన్నీళ్ళలో మొదటి మూడు నిమిషాలు

ఐదో పాఠం దాకా చెప్పుకున్నదంతా విశాఖ కెరటాల గురించే. ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగేసే ప్రవాహాన్ని, అంటే రిప్ కరెంటును, ఒడ్డు మీద నిలబడే గుర్తుపట్టడం, అందులో చిక్కితే ఎదురీదకుండా పక్కకు ఈదడం, విరిగే అల కిందనుంచి దాటడం. ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది చలి. చిక్కేమిటంటే ఆ చలి మన ఊరి సముద్రంలో దొరకదు.

ఇక్కడ నీళ్ళ పైపొర జనవరిలో 25, 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. మే నెలకి 29, 30కి చేరుతుంది. మార్చి, ఏప్రిల్‌లలో తీరం వెంబడి వీచే నైరుతి గాలికి పైనీరు ఒడ్డు నుంచి లోపలికి జరిగిపోతుంది, దాని చోటులోకి అడుగునున్న చల్లటి నీరు పైకి వస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఈ తీరంలో దీన్ని పరిశీలించి రాశారు. అప్పుడు కూడా కాళ్ళకి కాస్త చల్లగా తగులుతుందే తప్ప ఊపిరి ఆగేంత చలి ఉండదు.

అయినా ఈ పాఠం కావాలి. చదువుకో ఉద్యోగానికో ఐర్లండ్, బ్రిటన్ వెళ్ళేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. 2020 లాక్‌డౌన్‌లో అక్కడ ఈత కొలనులు మూసేస్తే జనం సముద్రం దారి పట్టారు, కొలనులు తెరిచాక కూడా చాలామంది ఆ అలవాటు మానలేదు. డబ్లిన్ పక్కన ఫార్టీ ఫుట్ అనే రాతిరేవులో క్రిస్మస్ రోజున కూడా దిగుతారు. ఆ నీళ్ళు ఫిబ్రవరి, మార్చిలలో 8, 9 డిగ్రీలు. బాగా వెచ్చబడే ఆగస్టులో కూడా 15కి అటూ ఇటూ. రూమ్మేట్లు పిలిచారని విశాఖ రుషికొండ బీచ్‌లో ఈది పెరిగిన కుర్రాడు ధైర్యంగా దూకేస్తాడు. ఈత వచ్చినవాడే కదా అని పక్కవాళ్ళూ ఊరుకుంటారు. ప్రమాదం అక్కడే ఉంది. బ్రిటన్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్యనున్న ఇంగ్లీష్ ఛానల్ ఈదాలని మనసున్నవాళ్ళకైతే ఇది తప్పనిసరి పాఠం. 1958లో మిహిర్ సేన్, 1959లో ఆరతీ సాహా ఈదిన ఆ నీళ్ళు వేసవిలోనే 15 నుంచి 18 డిగ్రీలు. అనుమతి కావాలంటే ముందుగా 16 డిగ్రీలకు మించని నీళ్ళలో ఆరు గంటలు ఈదినట్టు రుజువు చూపాలి, ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు దుస్తు (వెట్‌సూట్) లేకుండా.

ఒంట్లో ఏం జరుగుతుంది

చలి మనిషిని గడ్డకట్టించి చంపుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి పెద్దవాళ్ళ ఒంట్లో లోపలి వేడి ప్రమాదకరంగా పడిపోవడానికి, గడ్డకట్టేంత చలినీళ్ళలో కూడా, సుమారు అరగంట పడుతుంది. మునిగేవాళ్ళలో చాలామంది అంతదాకా రారు. మొదటి మూడు నిమిషాల్లోనే అయిపోతుంది.

చర్మం ఒక్కసారిగా చల్లబడితే మన ప్రమేయం లేకుండా ఒక పెద్ద ఊపిరి లోపలికి వస్తుంది. ఆ క్షణంలో నోరు నీళ్ళలో ఉంటే వచ్చేది గాలి కాదు. ఆ తరవాత ఊపిరి ఆయాసంగా, పైపైన, గబగబా కొట్టుకుంటుంది. గుండె వేగం, బీపీ రెండూ పెరుగుతాయి. ఒడ్డున నిమిషం ఊపిరి బిగబట్టగలిగినవాడికి అక్కడ పది సెకన్లు కూడా కష్టం. దీన్నే కోల్డ్ షాక్ అంటారు. మొదటి అర నిమిషంలో పతాక స్థాయిలో ఉండి, రెండు మూడు నిమిషాలకు దానంతటదే తగ్గుతుంది. 10 నుంచి 15 డిగ్రీల నీళ్ళలోనే ఇది దాదాపు పూర్తి బలంతో వస్తుంది కాబట్టి, గడ్డకట్టే చలి కాదులే అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

ఈ మూడు నిమిషాల్లో ఈదడానికి ప్రయత్నించడమే మొదటి తప్పు. ఫ్రీస్టయిల్‌లో ఊపిరి చేతి లయను బట్టి నడవాలి, ఇక్కడ ఊపిరి మన మాట వినదు. నాలుగు చేతులు వేసేసరికి నీళ్ళు మింగుతారు, భయంతో ఇంకా గట్టిగా కొడతారు.

రెండో తప్పు తలకిందులుగా దూకడం. చలి గుండెను పరుగెత్తిస్తుంది. ముఖం నీళ్ళలో మునిగి ఊపిరి బిగబడితే శరీరం అదే గుండెను నెమ్మది చేయమంటుంది. రెండు ఆజ్ఞలూ ఒకేసారి అందితే గుండె లయ తప్పవచ్చు. అందుకే గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఆస్తమా, మూర్ఛ ఉన్నవాళ్ళు, గర్భిణులు, చల్లటి నీళ్ళు తగిలితే దద్దుర్లు లేచేవాళ్ళు ఈ పాఠం చదివి ఆపేయాలి. మిగతావాళ్ళలో నలభై దాటినవాళ్ళు డాక్టరును కలిసి ఈసీజీ తీయించుకున్నాకే ముందుకు వెళ్ళాలి.

ఐసు తొట్టి

మంచి సంగతి ఏమిటంటే కోల్డ్ షాక్‌కు శరీరం త్వరగా అలవాటు పడుతుంది. చన్నీళ్ళలో రెండు మూడు నిమిషాల చొప్పున ఐదారు మునకలు వేస్తే దాని తీవ్రత దాదాపు సగానికి తగ్గుతుంది, ఆ అలవాటు నెలల తరబడి ఒంట్లో నిలుస్తుంది. దీనికి సముద్రం అక్కర్లేదు. మేడ మీద ఒక తొట్టి చాలు.

నీలం ప్లాస్టిక్ డ్రమ్ము చాలామందికి మొదట తోచే ఉపాయం. వద్దు. నిలువు డ్రమ్ములోంచి బయటికి రావాలంటే రెండు చేతుల మీదా బరువు వేయాలి, చలికి పట్టు తప్పిన చేతులతో అది కుదరదు. కూర్చుంటే నీళ్ళు ఛాతీ మధ్యకు వచ్చే వెడల్పాటి టబ్బు, లేదా పిల్లల గాలి టబ్బుల్లో పెద్దది తీసుకోండి. 150 లీటర్లు పడితే సరిపోతుంది. థర్మామీటరు ముఖ్యం. జ్వరం చూసేది పనికిరాదు, అది 35 దగ్గర మొదలవుతుంది. సున్నా నుంచి 50 దాకా చూపేది, పాదరసం లేనిది కొనండి.

ఐసు లెక్క తేలిక: వంద లీటర్ల నీళ్ళు ఒక డిగ్రీ చల్లబడాలంటే సుమారు ఒక కిలో. జనవరిలో ట్యాంకు నీళ్ళు 25 ఉన్నాయనుకుంటే, 150 లీటర్లను 20కి దించడానికి ఏడున్నర కిలోలు, 15కి దించడానికి పదహారు. మే నెలలో అవే నీళ్ళు 31 ఉంటాయి, అప్పుడు పాతిక కిలోలు. దారిలో కరిగేదానికి ఐదో వంతు కలుపుకోండి. ఈ సాధన చలికాలంలో మొదలుపెట్టమనడానికి సగం కారణం ఈ ఖర్చే. చేపల నిల్వకు అమ్మే దిమ్మ ఐసు చవక, కానీ అది తాగే నీటితో చేసిందని నమ్మకం లేదు, నోట్లోకి పోనివ్వకండి. దిమ్మను గోనెసంచిలో వేసి సుత్తితో పిడికిలంత ముక్కలు చేయండి. టబ్బులో వేసి కలియబెట్టి, పది నిమిషాలు ఆగి, మళ్ళీ కలిపి మధ్య లోతులో ఉష్ణోగ్రత చూడండి. పైన చూస్తే ఒకటి, అడుగున చూస్తే ఇంకొకటి వస్తుంది. మిగిలిన ముక్కలు తీసేశాకే దిగాలి. ఐసు నేరుగా చర్మానికి ఆనితే కాలినట్టు బొబ్బ లేస్తుంది.

పక్కన ఒక మనిషి ఉండాలి. ఫోను చూసుకునే మనిషి కాదు, మిమ్మల్ని చూసే మనిషి.

దిగే పద్ధతి ఇది. ముందు చేతులు, మెడ వెనక, ముఖం తడుపుకోండి. పాదాలు పెట్టి నిలబడండి, తరవాత కూర్చోండి. నీళ్ళు బొడ్డు దాటి ఛాతీకి తగిలే క్షణంలో ఊపిరి బయటికి వదులుతూ ఉండాలి, లోపలికి పీల్చుతూ కాదు. వేడి టీ ఊదినట్టు పెదవులు సున్నా చుట్టి నాలుగు లెక్కపెట్టేదాకా వదలండి, రెండు లెక్కకు ముక్కుతో పీల్చండి. పీల్చడం గురించి ఆలోచించకండి, దాని సంగతి ఒళ్ళే చూసుకుంటుంది. ఎంత నెమ్మదిగా వదులుతున్నారన్న దాని మీదే మనసు పెట్టండి. భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి, దించండి.

అర నిమిషం గడిచాక పదమూడో ఎక్కం గట్టిగా చెప్పండి. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు... మొదట్లో మాట మధ్యలో తెగిపోతుంది, "పద... మూడు" అని ఎగశ్వాస వస్తుంది. ఒక్కో వరుస ఒకే ఊపిరిలో, తడబాటు లేకుండా వచ్చిన క్షణమే కోల్డ్ షాక్ దాటిన గుర్తు. పక్కనున్న మనిషి గడియారం చూసి ఆ సమయం రాయాలి. ఎక్కమే ఎందుకంటే, ఊపిరితో పాటు బుర్ర కూడా కుదురుగా ఉందో లేదో తెలుస్తుంది.

మొదటి మునక 22 డిగ్రీల్లో రెండు నిమిషాలు. తరవాతవి వరసగా 20, 18, 16, 15, మూడేసి నిమిషాలు. ఆరోది మళ్ళీ 15లోనే. అందులో ఊపిరి కుదిరాక మాత్రమే ముఖం ముంచి, నీళ్ళలోకి బుడగలు వదలండి. మునకకూ మునకకూ మధ్య కనీసం ఒక రోజు. ఆన్‌లైన్‌లో కనిపించే వేగపు ఊపిరి కసరత్తులు నీళ్ళలో ఉండగా గానీ, దిగే ముందు గానీ చేయకండి. వాటివల్ల ఊపిరి తీయాలన్న హెచ్చరిక ఆలస్యమవుతుంది, తెలియకుండానే స్పృహ తప్పుతుంది.

సముద్రంలో ఏం సాధన చేయాలి

నాలుగో మునక తరవాత ఒక జనవరి ఉదయం రుషికొండలో ఈతకు కేటాయించిన హద్దుల్లో, లైఫ్‌గార్డులు ఉన్న వేళ చూసుకుని దిగండి. ముందు రోజు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరిక చూడండి. ఆర్కే బీచ్ ఈ సాధనకు పనికిరాదు, అక్కడ ఒడ్డు దగ్గరే లోతు, అల వచ్చి మీద విరుగుతుంది.

ఇక్కడ నేర్చుకోవాల్సింది వెల్లకిలా తేలడం. తల వెనక్కి, చెవులు నీళ్ళలో, చేతులు బారచాపి మెల్లగా ఆడిస్తూ. బ్రిటన్ తీరంలో రక్షణ పడవలు నడిపే ఆర్‌ఎన్‌ఎల్‌ఐ జనానికి చెప్పేది కూడా ఇదే: చన్నీళ్ళలో పడితే ముందు తేలండి, ఊపిరి అదుపులోకి వచ్చాకే ఈదండి. నడుము లోతులో పది సార్లు చేయండి, ఒక్కోసారి తొంభై సెకన్లు, ఎక్కం చెబుతూ. చెవుల్లోకి నీళ్ళు వస్తాయని తల ఎత్తారా, కాళ్ళు మునుగుతాయి.

చన్నీళ్ళ ఈతలో రెండో సగం ఒడ్డుకొచ్చాక మొదలవుతుంది, దాన్ని మాత్రం విశాఖలో ఉన్నదున్నట్టు నేర్చుకోవచ్చు. జనవరి తెల్లవారు గాలి 18 డిగ్రీలు, నీళ్ళు 25. లోపల వెచ్చగా ఉండి, బయటికి రాగానే వణుకు పుడుతుంది. నిజమైన చన్నీళ్ళలో ఈ వణుకు వెంటనే రాదు, పది నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. బయటికి వచ్చాక కూడా ఒంటి లోపలి వేడి ఇంకో పది నుంచి ముప్ఫై నిమిషాలు పడిపోతూనే ఉంటుంది కనక. చల్లబడిన చర్మం, కండ లోపలి వేడిని లాగేసుకుంటాయి. బాగానే ఉన్నానని కబుర్లు చెబుతూ తడిబట్టలతో నిలబడ్డవాళ్ళు ఆ తరవాతే కూలబడతారు.

అందుకే బట్టల సంచి తడిసే ముందే సర్దుకోవాలి, మొదట వేసుకోవాల్సినది పైన ఉండేలా. తడి చొక్కా విప్పి, పైభాగం తుడుచుకుని, పొడి బనియను, స్వెటరు, మంకీ క్యాప్, ఆ తరవాతే కింది బట్టలు, మేజోళ్ళు. గుండీలు, నాడాలు వద్దు, మొద్దుబారిన వేళ్ళు వాటిని పట్టలేవు. లుంగీ, ఎలాస్టిక్ ప్యాంటు మేలు. అక్కడివాళ్ళు బట్టలు మార్చుకోవడానికి పెద్ద కోట్లు ఖరీదు పెట్టి కొంటారు, మనకి ఒక దుప్పటో లుంగీనో ఆ పని చేస్తుంది. ఇదంతా ఐదు నిమిషాల్లో ముగించడం సాధన చేయండి. ఆ తరవాత ఫ్లాస్కులోంచి తియ్యటి టీ. వేడినీళ్ళ స్నానం వెంటనే వద్దు, చర్మంలోకి రక్తం ఒక్కసారిగా దిగి కళ్ళు తిరుగుతాయి. మద్యం అసలే వద్దు. అరగంట దాకా బండి నడపకండి.

నీళ్ళలో ఎంతసేపు ఉండాలన్నదానికి డిగ్రీకి ఒక నిమిషం అని ఒక లెక్క వాడుకలో ఉంది. అలవాటైనవాళ్ళకు అది పైహద్దు. కొత్తవాళ్ళు 12 డిగ్రీల నీళ్ళలో నాలుగు నిమిషాలకు బయటికి రావాలి. గడియారం కన్నా వేళ్ళు నమ్మదగ్గవి: బొటనవేలితో చిటికెనవేలు ముట్టుకోవడం కష్టమైతే, ఈదుతుండగా వేళ్ళు విడిపోయి దగ్గరకు రాకపోతే, అదే క్షణం ఒడ్డుకు తిరగండి. కండలు చల్లబడుతున్నాయని అర్థం, కాసేపట్లో చేయి కూడా లేవదు.

నోట్‌బుక్‌లో ప్రతి మునకకూ నాలుగు అంకెలు: నీళ్ళ ఉష్ణోగ్రత, ఎక్కం కుదిరిన సమయం, మొత్తం ఉన్న సమయం, వణుకు మొదలైన సమయం. ఆరో మునకలో ఎక్కం తొంభై సెకన్లలోపు కుదిరితే ఏడో పాఠానికి రండి. కుదరకపోతే 18 డిగ్రీలకు వెనక్కి వెళ్ళి ఇంకో మూడు మునకలు వేసి, మళ్ళీ 15 దగ్గర చూసుకోండి.