పీ విలువ అదిరింది, మళ్ళీ కొలిస్తే తేడా మాయం

సమస్య: విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో రెండు రకాల వలలకు పడ్డ కానాగంతల పొడవు కొలిచారు. రకానికి 100 చేపలు. టీ టెస్టులో (రెండు గుంపుల సగటుల తేడాని పరీక్షించే లెక్క) పీ విలువ, అంటే నిజంగా తేడా లేకపోయినా కనీసం ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం, 0.001 కంటే తక్కువ వచ్చింది. వారం తర్వాత మళ్ళీ కొలిస్తే తేడా లేదు.

ముందు షీటులో కనిష్ఠ, గరిష్ఠ విలువలు చూడండి. ఖాళీ గడిలో సున్నా పడిందా? సెంటీమీటర్ల మధ్య మిల్లీమీటర్లు దూరాయా? ఎక్సెల్ టీ టెస్ట్ ఫార్ములాలో చివరి అంకె 1 ఉంటే అది జతల లెక్క, ఒకే చేపను రెండుసార్లు కొలిచినప్పుడు వాడేది. ఇక్కడ చేపలు రెండు వేర్వేరు గుంపులవి కాబట్టి 3 వేయండి. రెండు నిమిషాల పని. ఇది మానేసి కొత్త సాఫ్ట్‌వేర్ వెతికేవాళ్ళని చూస్తే నీరసం వస్తుంది.

అసలు దొంగ

అవన్నీ బాగుంటే ఒకటే అడగండి: ఆ 100 చేపలు ఎన్ని పడవలవి?

నా మొదటి ప్రాజెక్టులో ఇదే దెబ్బ తిన్నాను. పడవకి 25 చేపలు, రకానికి నాలుగు పడవలు. వైవాలో మాస్టారు "మరి పడవలెన్ని బాబూ?" అని అడిగేసరికి నోట మాట రాలేదు. కానాగంతలు గుంపుగా తిరుగుతాయి, ఒక గుంపులో చేపలు ఇంచుమించు ఒకే సైజు. అందుకే ఒక పడవలో పది చేపలు కొలిచాక పదకొండోది కొత్తగా చెప్పేది తక్కువ. టెస్టుకి ఆ సంగతి తెలీదు. అది ప్రతి చేపనీ విడి సాక్షిగా లెక్కేసి స్టాండర్డ్ ఎర్రర్‌ని (సగటు ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే అంకె) చిన్నది చేసేస్తుంది.

ఎంత నష్టమో చూడండి. ఒకే పడవ చేపల మధ్య పోలిక 0.4 అనుకుందాం (0 అంటే పోలికే లేదు, 1 అంటే అన్నీ ఒకటే). పడవకి 25 చేపలైతే సమాచారం ఎన్ని రెట్లు తగ్గుతుందో లెక్క ఇది: 1 + (25 − 1) × 0.4 = 10.6. రెండు రకాలవీ కలిపి 200 చేపలు, దాన్ని దీంతో భాగిస్తే దాదాపు 19. మీ దగ్గరున్న అసలు సమాచారం 19 విడి చేపలంతే.

పరిష్కారం: ఒక్కో పడవకి ఒక్క సగటు తీయండి. లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు: మొదటి వల 19.8, 21.5, 20.4, 22.3, రెండోది 20.1, 18.9, 21.2, 19.8 సెంటీమీటర్లు. సగటుల తేడా 1, స్టాండర్డ్ ఎర్రర్ 0.73, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే టీ 1.37. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఎనిమిది పడవల్లోంచి రెండు సగటులకి రెండు తీసేస్తే మిగిలేది) 6 కాబట్టి 5 శాతం స్థాయికి టీ 2.447 దాటాలి. దాటలేదు. అలాగని వలలు రెండూ ఒకటేనని తేలినట్టు కాదు, ఎనిమిది పడవలతో తేల్చలేమని మాత్రమే. మిక్స్‌డ్ మోడల్ (ఏ చేప ఏ పడవదో లెక్కలోకి తీసుకునే పద్ధతి) వస్తే అదీ వాడొచ్చు. ఇక్కడైతే చెప్పే మాట ఇంచుమించు ఇదే.

డేటా నార్మల్‌గా (గంట ఆకారపు పంపిణీలో) లేకపోవడం, సాఫ్ట్‌వేర్‌లో బగ్ లాంటివి ఇలాంటి చోట అసలు కారణం కావడం అరుదు. వాటి మీద టెన్షన్ వద్దు.

రకానికి ఒక్క పడవే కొలిస్తే ఏ టెస్టూ కాపాడదు. తెల్లవారుజామునే మళ్ళీ హార్బర్‌కి వెళ్ళాల్సిందే. ఈసారి చేపలు తగ్గించి పడవలు పెంచండి, షీటులో పడవ నంబరుకి ఒక కాలమ్ పెట్టండి. నా పాత షీటులో అది లేదు, 200 వరుసల్లో ఏ చేప ఏ పడవదో ఇప్పటికీ తెలీదు.